వార్తలు చదవరాని రేడియోలో ఊరి విలేకరి

మాన్వి తాలూకాలోని క్యాంపులలో తెలుగు కుటుంబాలు స్థిరపడి మూడు తరాలు గడిచాయి. 1953లో తుంగభద్ర జలాశయం పూర్తి కావడం, ఎడమగట్టు కాలువకు నీరు రావడంతో కోస్తా జిల్లాల రైతులు ఇక్కడికి తరలివచ్చి వరి పండించసాగారు. అప్పటికి రాయచూరు హైదరాబాదు రాష్ట్రంలోని జిల్లా. 1956 నవంబరు 1న అది మైసూరు రాష్ట్రంలో చేరింది. పిల్లలు కన్నడ బడులలో చదివి రెండు భాషలూ నేర్చుకున్నారు. కానీ ఇంటిలోని పెద్దలకు జ్వరం గురించైనా, తాగునీటి గురించైనా చెప్పవలసిన మాట తెలుగులో చెబితేనే చెవికెక్కుతుంది. ఇటువంటి సరిహద్దు గ్రామాలకు ఊరి మాటను రేడియోలో వినిపించే విలేకరి ఎందుకు అవసరమో తెలుసుకోవాలంటే, ఇదే దక్కను పీఠభూమిపై బీదరు సరిహద్దున ఉన్న జహీరాబాదు ప్రాంతం వైపు చూడవలసి ఉంటుంది.

జహీరాబాదు సమీపంలోని మాచనూరులో ‘సంఘం రేడియో’ ఉంది. నాటి మెదక్ జిల్లాలోని ఈ గ్రామం నేడు సంగారెడ్డి జిల్లాలో చేరింది. దీని నిర్వహణలో తొలినుంచీ ప్రముఖంగా వినిపించే పేరు ‘జనరల్’ నర్సమ్మ. దళిత కుటుంబంలో జన్మించిన ఆమె, పదో తరగతి వరకే చదివినా రికార్డింగు, ఎడిటింగు, ప్రసారం అన్నీ నేర్చుకున్నారు. సహచరి పేరు కూడా నర్సమ్మే. ఆమెది ఆల్గోలు గ్రామం కావడంతో ఆల్గోలు నర్సమ్మగా ప్రసిద్ధురాలు. వీరిని ఈ పనికి పురికొల్పిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983లో ఏర్పడింది. దాని సారథి పి.వి.సతీష్ మైసూరులో పుట్టిన కన్నడిగుడు, పూర్వం దూరదర్శన్‌లో కార్యక్రమాల నిర్మాత. 2023 మార్చిలో ఆయన మరణించారు.

యునెస్కో సహకారంతో 1998లోనే స్టేషను సిద్ధమైంది. కానీ గాలిలోకి ప్రసారం చేసే అనుమతి లేదు. ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీం కోర్టు 1995 ఫిబ్రవరిలో తీర్పు చెప్పినప్పటికీ, 2002లో వెలువడిన విధానం విద్యాసంస్థలకు మాత్రమే అవకాశమిచ్చింది. స్వచ్ఛంద సంస్థలకు తలుపు తెరుచుకున్నది 2006 నవంబరులోనే. అంతవరకు ఈ యువతులు పల్లెల్లో మాటలు, పాటలు రికార్డు చేసి, ఆ క్యాసెట్లను మహిళా సంఘాల సమావేశాలలో వినిపిస్తూ వచ్చారు. పదేళ్లపాటు ప్రసారం లేని రేడియోలో పనిచేయడం సామాన్య విషయం కాదు. చివరకు 2008 అక్టోబరు 15న సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. ఆనాటి తీర్పునిచ్చిన న్యాయమూర్తులలో ఒకరైన జస్టిస్ పి.బి.సావంత్ దానిని ప్రారంభించడం విశేషం. పొలం పనులు ముగించుకుని స్త్రీలు ఇల్లు చేరే వేళను గమనించి, రాత్రి ఏడు నుంచి తొమ్మిది వరకు ప్రసార సమయంగా పెట్టుకున్నారు. భాష పుస్తకాల తెలుగు కాదు, ఆ ప్రాంతపు పలుకుబడి.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. సామాజిక రేడియోలు వార్తలు, రాజకీయ వ్యవహారాలు ప్రసారం చేయరాదని 2006 నాటి నిబంధనలు నిర్దేశించాయి. విద్యుత్తు, నీటి సరఫరా, ప్రకృతి వైపరీత్యాలు, ఆరోగ్య హెచ్చరికల వంటివి స్థానిక పాలనా యంత్రాంగం అందజేస్తే అవి వార్తల కిందికి రావని తరువాత వివరణ వచ్చింది. అంటే ఊరి బావి నీరు చెడిందని విలేకరి కళ్లారా చూసినా, దానిని వార్తగా చదవడానికి లేదు. అధికారి చెబితే ప్రకటన, విలేకరి చెబితే ఉల్లంఘన! నర్సమ్మ వంటివారు ఎంచుకున్న మార్గం వేరు. ఊరి మనిషి చేతనే ఆమె అనుభవాన్ని, ఆమె వంట, పంట, మందు సంగతులను చెప్పించడం. 2020లో కరోనా వ్యాపించినప్పుడు కూడా జాగ్రత్తలను ఈ రేడియో స్థానికుల భాషలోనే వినిపించింది.

మాన్వికి మాచనూరు ప్రసారం అందదు. సామాజిక రేడియో ట్రాన్స్‌మిటరు శక్తి సాధారణంగా 100 వాట్లకు, స్తంభం ఎత్తు 30 మీటర్లకు పరిమితం. అది చుట్టుపక్కల గ్రామాలకే చాలుతుంది. కానీ మాన్వి వంటి చోట చెప్పవలసిన మాటలు తక్కువేమీ కావు. రాయచూరు జిల్లాలో పలుచోట్ల భూగర్భ జలాలలో ఫ్లోరైడు ఉంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పిల్లల పళ్లకు, దీర్ఘకాలంలో ఎముకలకు హాని. కాచిన నీరు సురక్షితమని అందరూ చెప్పే మాట క్రిముల విషయంలో సరైనదే. ఫ్లోరైడు మాత్రం కాచితే పోదు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో దాని సాంద్రత పెరుగుతుంది. ఈ తేడాను ఒక గోడపత్రిక చెప్పలేదు, ఎదురుగా కూర్చుని మాట్లాడినట్లు చెప్పే గొంతు కావాలి.

దోమల విషయమూ అంతే. డెంగీ దోమ ఇంటి తొట్లలో, టైర్లలో నిలిచిన మంచి నీటిలో పెరిగి పగటిపూట కుడుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది కనుక వారానికొకసారి తొట్టి ఖాళీ చేసి తోమి ఆరబెడితే చాలు. మెదడువాపు జ్వరాన్ని మోసే క్యూలెక్స్ దోమ వేరు. అది వరిమడి నీటిలో పెరుగుతుంది, సాయంత్రం తరువాత కుడుతుంది. దాని వైరసు పందులలో వృద్ధి చెందుతుంది. వరి పండే క్యాంపులలో పందుల దొడ్లను ఇళ్లకు దూరంగా ఉంచవలసిన కారణం ఇదే. దోమ అనే ఒక్క మాటతో రెండింటినీ కలిపి చెబితే విన్నవారికి ఏది చేయాలో తెలియదు.

అనుమతి కోరే సంస్థ రిజిస్టరై కనీసం మూడేళ్లు సేవలో ఉండాలి. దరఖాస్తు కేంద్ర సమాచార, ప్రసార శాఖకు చేయాలి. కృషి విజ్ఞాన కేంద్రాలు, విద్యాసంస్థలు కూడా అర్హమైనవే. కార్యక్రమాలలో కనీసం సగం స్థానికంగా తయారు కావాలి. స్థానిక భాషలో, యాసలో ఉండడం మేలని నిబంధనలే చెబుతున్నాయి. కన్నడం, తెలుగు కలిసి వినిపించే మాన్వి వీధుల్లో ఆ స్థానిక భాష ఏదన్నది దరఖాస్తు చేసేవారే తేల్చుకోవాలి.