నవంబరులో గేమ్‌ల వెల్లువ.. కొనేవారి జేబుకు పరీక్ష

సంక్రాంతికి పెద్ద హీరోల సినిమాలన్నీ ఒకేసారి బరిలోకి దిగడం తెలుగు ప్రేక్షకులకు కొత్త కాదు. వీడియో గేమ్‌ల రంగానికి అటువంటి సంక్రాంతి అమెరికాలో నవంబరు మాసంలో వస్తుంది. ఏడాదంతా ఊరించిన గేమ్‌లు మూడు, నాలుగు వారాల వ్యవధిలో వరుసగా దుకాణాలకు చేరుతాయి. సినిమా టిక్కెట్టు వందల రూపాయలతో సరిపోతుంది, ఆట మూడు గంటలలో ముగుస్తుంది. గేమ్ అలా కాదు. ఒక్కొక్కటి వేల రూపాయల వస్తువు. పూర్తి చేయడానికి పదుల గంటలు కావాలి. అందువల్ల ఏది కొనాలి, ఎప్పుడు కొనాలి అన్నది ఇంటి ఖర్చుకు సంబంధించిన ప్రశ్నగా మారుతోంది. పిల్లలు పట్టుబట్టే ఇళ్లలో ఇది మరింత క్లిష్టం. గత విడుదలల చరిత్రను పరిశీలిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. ఆ మాసంలో తొందర అమ్మేవారిదే గాని, కొనేవారిది కాదు.

ఇరవై రోజులు.. తొమ్మిది గేమ్‌లు

ఈ రద్దీ ఏ స్థాయిలో ఉంటుందో తెలుసుకోవడానికి 2011 నవంబరును మించిన ఉదాహరణ అరుదు. ఆ నెల 1న అమెరికాలో సోనీ సంస్థ గేమ్ 'అన్‌చార్టెడ్ 3' విడుదలైంది. 8న 'కాల్ ఆఫ్ డ్యూటీ: మోడర్న్ వార్‌ఫేర్ 3', 11న 'స్కైరిమ్', 13న 'సూపర్ మారియో 3డీ ల్యాండ్' వచ్చాయి. 15వ తేదీ ఒక్కరోజే 'అస్సాసిన్స్ క్రీడ్: రెవెలేషన్స్', 'సెయింట్స్ రో: ది థర్డ్', 'రేమాన్ ఆరిజిన్స్', 'హేలో' తొలి గేమ్‌కు పదేళ్ల పండుగ కూర్పు విపణిలోకి దిగాయి. 20న 'జెల్డా: స్కైవర్డ్ స్వోర్డ్' ఆ వరుసను ముగించింది.

ఈ తొమ్మిదింటిలో ఆరింటి ధర 60 డాలర్ల చొప్పున, జెల్డా ధర 50 డాలర్లు, మారియో, హేలో ధరలు చెరి 40 డాలర్లు. మొత్తం 490 డాలర్లు. అప్పట్లో డాలరు విలువ 50 రూపాయలు దాటింది గనుక ఆ మొత్తం మన లెక్కలో సుమారు పాతిక వేల రూపాయలు. ఇక సమయం సంగతి. స్కైరిమ్‌ను క్షుణ్ణంగా ఆడాలంటే వంద గంటలకు పైగా పడుతుంది. రోజుకు రెండు గంటలు కేటాయించినా ఆ ఒక్క గేమ్‌తోనే యాభై రోజులు గడిచిపోతాయి. అంటే నవంబరులో తొమ్మిదీ కొన్న వ్యక్తి సంక్రాంతి నాటికి కూడా సగం డిస్కులను తెరిచి ఉండడు. ఆడని గేమ్‌కు పూర్తి ధర చెల్లించడమే ఈ రద్దీలో అసలు నష్టం.

నవంబరే ఎందుకు?

ఇన్ని సంస్థలు ఒకే మాసంపై ఎగబడటానికి కారణాలు లేకపోలేదు. అమెరికాలో నవంబరు నాలుగో గురువారం థ్యాంక్స్ గివింగ్ పండుగ. ఆ మర్నాడు 'బ్లాక్ ఫ్రైడే' పేరిట దుకాణాలు భారీ తగ్గింపులు ప్రకటిస్తాయి. అక్కడి నుంచి డిసెంబరు 25న క్రిస్మస్ వరకు కానుకల కొనుగోళ్లు సాగుతాయి. మన వద్ద దసరా, దీపావళికి బట్టల దుకాణాలు కిటకిటలాడినట్లే అక్కడ ఈ నెల రోజులూ బొమ్మలు, గేమ్‌ల దుకాణాలు కిటకిటలాడుతాయి. ఏటా అంత గిరాకీ ఉండే కాలం మరొకటి లేదు.

రెండో కారణం ఖాతా పుస్తకాలకు సంబంధించినది. నింటెండో, సోనీ, ఎలక్ట్రానిక్ ఆర్ట్స్, యుబిసాఫ్ట్ వంటి పెద్ద సంస్థల ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు సాగే మూడో త్రైమాసికమే ఆ సంవత్సరపు లాభనష్టాలను తేల్చేస్తుంది. గేమ్ సిద్ధమైందా, లేదా అన్నదానికన్నా వాటాదారులకు చెప్పిన గడువు ముఖ్యమయ్యే సందర్భాలు ఇక్కడే తలెత్తుతాయి.

మూడోది ప్రచార బలం. గెలిచిన గేమ్‌కు దక్కే మొత్తం అసాధారణం. 2011లో 'మోడర్న్ వార్‌ఫేర్ 3' తొలి 24 గంటలలో ఉత్తర అమెరికా, బ్రిటన్‌లలోనే 65 లక్షల ప్రతులు అమ్ముడై 40 కోట్ల డాలర్లు వసూలు చేసింది. పదహారు రోజులలో ఆ మొత్తం వంద కోట్ల డాలర్లకు చేరింది. ఇంతటి పంట కళ్ల ముందు కనిపిస్తుంటే ఆ పొలంలో విత్తు వేయాలని అందరూ ఆశపడటం సహజం.

బాగున్నా నలిగిపోయినవి

అయితే గిరాకీ ఎంత ఉన్నా కొనేవారి జేబు ఒక్కటే. సొంత సంస్థ చేతిలోనే సొంత గేమ్ దెబ్బతిన్న సందర్భాలూ ఉన్నాయి. 'రేమాన్ ఆరిజిన్స్'ను, 'అస్సాసిన్స్ క్రీడ్: రెవెలేషన్స్'ను విడుదల చేసినది యుబిసాఫ్టే, అదీ అమెరికాలో ఒకేరోజున. చేతితో గీసినట్లుండే బొమ్మలతో విమర్శకుల మెప్పు పొందిన రేమాన్ ఆ సందడిలో మందకొడిగా అమ్ముడైంది.

అయిదేళ్ల తర్వాత అదే కథ పునరావృతమైంది. హైదరాబాదులోనూ కార్యాలయం ఉన్న ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ 2016 అక్టోబరు 21న 'బ్యాటిల్‌ఫీల్డ్ 1'ను, వారం తిరగగానే 28న 'టైటాన్‌ఫాల్ 2'ను విడుదల చేసింది. మరో వారానికి, నవంబరు 4న, ప్రత్యర్థి సంస్థ 'కాల్ ఆఫ్ డ్యూటీ' కొత్త భాగాన్ని దింపింది. మూడూ తుపాకీ యుద్ధాల గేమ్‌లే. నడుమ చిక్కిన టైటాన్‌ఫాల్ 2కు ప్రశంసలు దక్కినా అమ్మకాలు ఆశించిన మేర లేవు. నెల తిరిగేలోగా బ్లాక్ ఫ్రైడే తగ్గింపులలో దాని ధర బాగా పడిపోయింది. తొలిరోజు పూర్తి ధర పెట్టినవారికి, నాలుగు వారాలు ఆగినవారికి దక్కిన గేమ్ ఒక్కటే. ఖర్చులో మాత్రం తేడా ఎంతో ఉంది. దానిని రూపొందించిన రెస్పాన్ స్టూడియో ఆ తర్వాత 2019 ఫిబ్రవరి 4న, ముందస్తు ప్రచారం లేకుండా, 'ఏపెక్స్ లెజెండ్స్'ను ఉచితంగా విడుదల చేసింది. వారంలో రెండున్నర కోట్ల మంది ఆడారు.

ఇప్పుడు సంస్థలు పోటీదారు తేదీని చూసి తమ తేదీని మార్చుకుంటున్నాయి. 2024 సంక్రాంతికి థియేటర్లు చాలక 'ఈగల్' చిత్రం ఫిబ్రవరికి వాయిదా పడిన సంగతి పాఠకులకు తెలిసిందే. గేమ్‌లలోనూ అదే జరిగింది. 'హాలో నైట్: సిల్క్‌సాంగ్' 2025 సెప్టెంబరు 4న వస్తుందని రెండు వారాల ముందు ప్రకటించగానే పలు చిన్న స్టూడియోలు తమ విడుదలలను వెనక్కి జరుపుకొన్నాయి. ఇక 'గ్రాండ్ థెఫ్ట్ ఆటో 6'ను 2026 నవంబరు 19కి మార్చినట్లు రాక్‌స్టార్ సంస్థ 2025 నవంబరులో ప్రకటించింది. ఆ తేదీ థ్యాంక్స్ గివింగ్‌కు సరిగ్గా వారం ముందుది కావడం గమనార్హం.

గడువు కోసం హడావుడి

పండుగ గడువు అందుకోవాలన్న ఆత్రం నాణ్యతపై చూపే ప్రభావం కొత్తదేమీ కాదు. 1982 క్రిస్మస్ అమ్మకాలను దృష్టిలో పెట్టుకొని అటారీ సంస్థ 'ఈ.టీ.' సినిమా ఆధారంగా ఒక గేమ్‌ను సుమారు అయిదు వారాలలోనే తయారు చేయించింది. అమ్ముడుపోని ప్రతులు మరుసటి ఏడాది న్యూమెక్సికోలోని అలమగోర్డో చెత్త దిబ్బకు చేరాయి. 2014లో తవ్వకాలు జరిపినప్పుడు అవి బయటపడ్డాయి.

ఇటీవలి ఉదాహరణ 'సైబర్‌పంక్ 2077'. పలుమార్లు వాయిదా పడి 2020 డిసెంబరు 10న విడుదలైన ఈ గేమ్‌ను ముందుగానే సొమ్ము కట్టి 80 లక్షల మంది బుక్ చేసుకున్నారు. పాత కన్సోళ్లపై అది తరచూ ఆగిపోవడంతో సోనీ సంస్థ దానిని తన ఆన్‌లైన్ దుకాణం నుంచి తొలగించి, కొన్నవారికి డబ్బు వాపసు ఇచ్చింది. 2021 జూన్‌లో మళ్లీ అమ్మకానికి వచ్చింది. 2023 సెప్టెంబరులో పెద్ద మార్పులతో నవీకరణ వెలువడిన తర్వాతే మొదట చెప్పిన స్థాయికి చేరిందన్న పేరు దానికి వచ్చింది.

విజేత అయిన స్కైరిమ్ కూడా ఇందుకు మినహాయింపు కాదు. ప్లేస్టేషన్ 3పై ఆట ముందుకు సాగి, భద్రపరచిన ఫైలు పరిమాణం పెరిగేకొద్దీ నత్తనడక నడిచేది. ఆ లోపాలను దిద్దడానికి నెలలు పట్టింది. 2013లో మూడు అదనపు భాగాలతో కలిపి సంపూర్ణ సంచిక 60 డాలర్లకే లభించింది. అంటే ఏడాదిన్నర ఆగినవారికి అదే ధరకు లోపాలు తగ్గిన గేమ్, అదనపు కథలు దక్కాయి.

ఏది ఇప్పుడు.. ఏది తర్వాత?

అన్నింటికీ ఆగాలని కాదు. ఆన్‌లైన్‌లో స్నేహితులతో జట్టుగా ఆడేవాటికి తొలి వారాలలోనే సందడి ఎక్కువ. ఆరు నెలల తర్వాత జట్టు వేరే గేమ్‌కు వెళ్లిపోవచ్చు. కాబట్టి స్నేహితులంతా కొంటున్నది ఒకటి ఉంటే దానికి పూర్తి ధర పెట్టడంలో అర్థముంది. ఒంటరిగా ఆడే కథా ప్రధాన గేమ్‌లు ఎక్కడికీ పోవు. ఆగిన కొద్దీ ధర తగ్గుతుంది, లోపాలు సర్దుకుంటాయి. నింటెండో సంస్థ సొంత గేమ్‌ల ధరలు మాత్రం ఏళ్లు గడిచినా పెద్దగా తగ్గవు. వాటి కోసం తగ్గింపులు వస్తాయని ఎదురుచూడటం వల్ల ప్రయోజనం స్వల్పం.

ముందస్తు బుకింగ్ వ్యవహారంలోనూ జాగ్రత్త అవసరం. దుకాణంలో సరకు అయిపోతుందన్న భయం డిస్కుల కాలం నాటిది. ఇంటర్నెట్ ద్వారా దిగుమతి చేసుకునే గేమ్‌కు కొరత ఉండదు. బుకింగ్‌తో ఇచ్చే దుస్తులు, ఆయుధాల వంటి కానుకలు సమీక్షలు రాకముందే డబ్బు కట్టించడానికి ఉద్దేశించినవి. కంప్యూటరుపై ఆడేవారికి ఒక వెసులుబాటు ఉంది. స్టీమ్ దుకాణంలో కొన్న 14 రోజులలోపు, రెండు గంటల కన్నా తక్కువ ఆడి ఉంటే సొమ్ము వాపసు కోరవచ్చు. అదే దుకాణం 2015 నవంబరు నుంచి మన దేశంలో రూపాయలలోనే ధరలు చూపుతోంది. డిస్కు కొన్నవారు ఆట ముగిశాక దానిని మరొకరికి అమ్ముకోవచ్చు. దిగుమతి చేసుకున్న గేమ్‌కు ఆ అవకాశం లేదన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి.

తల్లిదండ్రులు ధర కన్నా ముందుగా చూడవలసినది పెట్టెపై ఉండే వయసు గుర్తు. 2011 నాటి ఆ తొమ్మిదింటిలో కాల్ ఆఫ్ డ్యూటీ, స్కైరిమ్, అస్సాసిన్స్ క్రీడ్, సెయింట్స్ రో, హేలో.. ఈ అయిదూ అమెరికా రేటింగు ప్రకారం 17 ఏళ్లు నిండినవారికి ఉద్దేశించినవే. తరగతిలో అందరూ ఆడుతున్నారన్న మాట పిల్లల నోట వినిపించినా, ఆ గుర్తును సరిచూశాకే డబ్బు తీయడం మేలు.

ఆ నెలలో వచ్చేవాటిలో వెంటనే ఆడేది ఏదో నిర్ణయించుకొని దానిని మాత్రమే కొని, మిగిలిన పేర్లను కాగితంపై రాసి ఉంచుకుంటే చాలు. వేసవి సెలవుల నాటికి ఆ జాబితాలోని గేమ్‌లు చాలావరకు తక్కువ ధరకు, మెరుగైన రూపంలో లభిస్తాయి. అప్పటికి వాటిలో కొన్నింటిపై మోజు కూడా తీరిపోయి ఉంటుంది. అదీ ఒక ఆదాయే.