బ్లాక్ కరెంట్ అడిగిన పెరటికి వాక్కాయ: దిగువ కృష్ణా డెల్టా అనుభవం

“బ్లాక్ కరెంట్ మొక్కను మా పెరటిలో పెంచవచ్చునా?” అన్న ప్రశ్న ఇటీవలి కాలంలో విస్తరణ శాస్త్రవేత్తలకు తరచుగా ఎదురవుతున్నది. కూచిపూడి, మొవ్వ, ఘంటసాల, చల్లపల్లి ప్రాంతాలలో పెరటి స్థలం ఇంకా మిగిలి ఉన్న ఇళ్ళు తక్కువేమీ కాదు. విదేశాలలో స్థిరపడిన పిల్లలు అక్కడ రుచి చూసి చెప్పినందువల్లనో, ఐస్‌క్రీము దుకాణంలో ఆ పేరు విన్నందువల్లనో కోరిక పుడుతుంది. మొక్క ఆన్‌లైన్‌లో దొరుకుతుంది కూడా. ఈ ప్రశ్నకు “పెరగదు” అని ఒక్క మాటలో జవాబు చెప్పి పంపించడం సులభమే. అయితే అది సగం జవాబు మాత్రమే. అడిగినవారు ఆ మాట నమ్మక మొక్క తెప్పించుకుంటారు, లేదా ఆ మూలను సిమెంటుతో కప్పేస్తారు.

మొదట పేరును గురించి కొంత స్పష్టత అవసరం. మన కిరాణా దుకాణాలలో బ్లాక్ కరెంట్ పేరుతో అమ్మేవి చాలా సందర్భాలలో ఎండిన నల్ల ద్రాక్షలే. ఐస్‌క్రీములో పంటికి తగిలేవి కూడా తరచు అవే. ఈ తికమకకు మూలం చాలా పాతది. గ్రీసు దేశపు కోరింత్ రేవు నుంచి ఐరోపాకు ఎగుమతి అయిన చిన్న ఎండు ద్రాక్షలకు ఆ ఊరి పేరు మీదుగానే ‘కరెంట్’ అన్న పేరు ఏర్పడింది. తరువాతి కాలంలో, చూపుకు అటువంటివే అయిన వేరొక పొద కాయలకు కూడా ఆ పేరు అంటుకున్నది. అసలైన బ్లాక్ కరెంట్ శాస్త్రీయ నామం రైబిస్ నైగ్రమ్. ద్రాక్షతో దానికి బంధుత్వం లేదు. అది గ్రాస్యులారియేసీ కుటుంబానికి చెందిన, ఆకు రాల్చే శీతల దేశపు పొద.

ఈ పొద డెల్టాలో ఎందుకు ఫలించదో విద్యార్థులు వేసవి ఎండతో ముడిపెట్టి వివరిస్తుంటారు. మే నెల ఎండకు ఆకులు మాడిపోవడం నిజమే గాని, అసలు అడ్డంకి జనవరిలో ఉంది. శరదృతువులో పగటి వేళ తగ్గగానే ఈ పొద మొగ్గలు సుప్తావస్థలోకి వెళతాయి. ఆ నిద్ర వీడాలంటే రకాన్ని బట్టి సుమారు 800 నుంచి 1,600 గంటల పాటు 7 డిగ్రీల సెల్సియస్ లోపు చలి తగలాలి. తగలకపోతే మొగ్గలు ఆలస్యంగా, అస్తవ్యస్తంగా విచ్చుకుంటాయి. పూత అంతంత మాత్రమవుతుంది. మచిలీపట్నంలో జనవరి నెల సగటు కనిష్ఠ ఉష్ణోగ్రత 19 డిగ్రీల చెంత ఉంటుంది. అంటే ఆ మొక్క అడిగే చలిలో ఒక్క గంట కూడా మనం ఇవ్వలేము. నీడ వల కట్టినా, కుండీలో మంచు గడ్డలు పోసినా ఈ లెక్క మారదు. శీతకాలాలు వెచ్చబడుతున్నందువల్ల బ్రిటన్ రైతులే తక్కువ చలితో సరిపెట్టుకొనే రకాల కోసం చూస్తున్నారు. మన దేశంలో రైబిస్ ప్రజాతి మొక్కలు లేకపోలేదు. అవి హిమాలయాలలోని ఎత్తైన లోయలకు పరిమితం.

విదేశాలలోని బంధువుల సంచీలో కొమ్మ ముక్కలు తెప్పించుకోవాలని చూసేవారికి మరొక విషయం కూడా చెప్పాలి. పైన్ చెట్లకు ప్రాణాంతకమైన తెల్ల పైన్ బొబ్బ తుప్పు తెగులు తన జీవిత చక్రంలో కొంత భాగాన్ని రైబిస్ ఆకుల మీదనే గడుపుతుంది. ఈ కారణంగా అమెరికా బ్లాక్ కరెంట్ సాగును దశాబ్దాల పాటు నిషేధించింది. కేంద్ర స్థాయి నిషేధం 1966లో తొలగినా, న్యూయార్క్ రాష్ట్రం సడలించినది 2003లో మాత్రమే. మన దేశంలో 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం అనుమతి లేకుండా నాటు సామగ్రిని తీసుకురాకూడదు. డెల్టాలో పైన్ చెట్లు ఎక్కడివని నవ్వుకోనవసరం లేదు. దిగుమతి అయిన కొమ్మ ఎక్కడ ఆగుతుందో ఎవరూ చెప్పలేరు.

ఇక కోరిక సంగతి. బ్లాక్ కరెంట్‌లో జనం ఆశించేది ఏమిటి? ముదురు ఊదా రంగు, పులుపు, విటమిన్-సి. వంద గ్రాముల పండులో సుమారు 180 మిల్లీగ్రాముల విటమిన్-సి ఉంటుంది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో నారింజ పండ్ల దిగుమతి కష్టమైనప్పుడు బ్రిటన్ ప్రభుత్వం చిన్న పిల్లలకు దీని పానకాన్ని పంచిపెట్టింది. అంటే వారు బయటి పండు రాకపోతే తమ నేలలో పండే పండును వాడుకున్నారు. ఇదే తర్కాన్ని మనకు అన్వయిస్తే, విటమిన్-సి కోసం జామ చెట్టు చాలు. ఈ విషయంలో అది బ్లాక్ కరెంట్‌కు ఏమాత్రం తీసిపోదు. రంగు, పులుపు, పొద స్వభావం, ఈ మూడింటికీ కలిపి మన దగ్గర ఉన్నది వాక్కాయ. వాక్కాయలో విటమిన్-సి బ్లాక్ కరెంట్ స్థాయిలో లేదు. కొన్ని కరపత్రాలు దానికి లేని గుణాలను కూడా అంటగడుతున్నాయి. విస్తరణ కార్యకర్తలు ఆ పొరపాటు చేయకూడదు.

వాక్కాయ, శాస్త్రీయంగా కారిస్సా కరాండస్, గన్నేరు కుటుంబానికి చెందిన సతత హరిత ముళ్ళ పొద. సంస్కృతంలో దీనిని కరమర్దము అంటారు. అడవులలో, మెట్ట గుట్టల మీద దొరికే చిన్న నల్లని కలివి పండ్లు దీని దాయాదులే. లేత దశలో ఆకుపచ్చగా, ఆ తరువాత గులాబీ రంగు పులుముకొని, పూర్తిగా పండినప్పుడు నల్లని ఊదా రంగుకు మారుతుంది. బేకరీలో కేకుల మీద అమర్చే ఎర్రని ‘చెర్రీ’ చాలా వరకు పంచదార పాకంలో ఊరి, రంగు పూసుకున్న వాక్కాయే. విదేశీ పండుగా భ్రమింపజేసే పని ఇది ఎప్పటి నుంచో చేస్తున్నది.

డెల్టా నేలల్లో దీని ప్రవర్తన జాగ్రత్తగా అర్థం చేసుకోవలసినది. వాక్కాయ ఎండను, నీటి ఎద్దడిని, ఒక మోస్తరు ఉప్పును తట్టుకుంటుంది. పులిగడ్డ దగ్గర కృష్ణ చీలిన తరువాత రెండు పాయల నడుమ ఉన్న దివిసీమలో, ముఖ్యంగా నాగాయలంక, కోడూరు వైపు, భూగర్భ జలం ఉప్పగా ఉండే చోట్లు ఎక్కువ. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు పెరటి మొక్కకు దొరికేది ఆ నీరే. ఇటువంటి చోట నిమ్మ నిలవదు. వాక్కాయ నిలుస్తుంది. కాని అది సహించలేనిది ఒకటుంది, వేళ్ళ దగ్గర నీరు నిలవడం. నల్ల బంక మట్టిలో ఆగస్టు నుంచి అక్టోబరు దాకా మురుగు తీయకపోతే, ఉప్పుకు చావని మొక్క ముంపుకు చస్తుంది. “వాక్కాయ మొండి మొక్క, ఎక్కడైనా బతుకుతుంది” అన్న సాధారణ సలహా మెట్ట ప్రాంతంలో పుట్టినది. దానిని డెల్టాకు యథాతథంగా తేవడం తగదు.

కాబట్టి ఇక్కడ గుంత కంటే దిబ్బ ముఖ్యం. పెరటిలో మెరక భాగాన్నే ఎంచుకొని, అడుగున్నర ఎత్తు గట్టు వేసి, దాని మీద నాటుకోవాలి. గట్టు మట్టిలో చివికిన పశువుల ఎరువు, కొంత ఇసుక, పిడికెడు వేపపిండి కలపాలి. నాటడానికి ముందు మట్టి పరీక్ష తప్పనిసరి. సంతృప్త మట్టి ద్రావణపు విద్యుత్ వాహకత మీటరుకు 4 డెసీసైమన్లు దాటితే అది పాల చౌడు. అటువంటి నేలలో తొలకరి వానలకు ఉప్పు కిందికి దిగిన తరువాతనే మొక్క పెట్టాలి. ఉదజని సూచిక 8.5 దాటిన కారు చౌడులో ముందుగా జిప్సం వేసి నేలను బాగుచేసుకోవాలి. తీరప్రాంతపు ఈ నేలలపై బాపట్లలోని ఉప్పునీటి పరిశోధన పథకం చాలా కాలంగా పనిచేస్తున్నది. జిల్లాలోని విద్యార్థులు ఒకసారి అక్కడి క్షేత్రాన్ని చూసి రావడం మంచిది.

కంచె కోసమైతే మీటరు ఎడంగా, కాయ కోసమైతే రెండున్నర నుంచి మూడు మీటర్ల ఎడంగా నాటాలి. గింజలకు మొలక శక్తి త్వరగా నశిస్తుంది. ఎండబెట్టి దాచిన గింజ దాదాపు పనికిరాదు. పండిన కాయ నుంచి తీసి, కడిగి, అదే వారంలో నారుమడిలో వేయాలి. గింజ మొక్కల్లో కాయ సైజు, పులుపు ఒక్కొక్కదానికి ఒక్కో రకంగా వస్తాయి. ఊరిలో మంచి కాయ కాసే పొద ఉంటే దాని నుంచి వానకాలంలో గాలి అంటు కట్టుకోవడం మేలు. పంత్‌నగర్ విశ్వవిద్యాలయం వారి పంత్ మనోహర్, పంత్ సుదర్శన్, పంత్ సువర్ణ, దాపోలి వారి కొంకణ్ బోల్డ్ రకాలు పేరున్నవే. అయితే అవి ఈ బంక నేలల్లో స్థానిక పొదలకంటే మెరుగని తేల్చడానికి మన క్షేత్రాలలోనే పోల్చి చూడవలసి ఉంటుంది. ఒక స్నాతకోత్తర విద్యార్థికి ఇది మంచి పరిశోధనాంశం.

తరచు అందే ఫిర్యాదు, “పొద దట్టంగా ఉంది, కాయ లేదు” అన్నది. కారణం దాదాపు ఎప్పుడూ కత్తెరే. వాక్కాయ కొత్త చిగుళ్ళ మీద పూస్తుంది. కంచె అందం కోసం నెలనెలా తలలు కత్తిరిస్తే పూత కొమ్మలే పోతాయి. కాయ కోత ముగిసిన తరువాత ఏడాదికి ఒక్కసారి, ఎండు కొమ్మలు, నేలకు వాలినవి, లోపల ఒరుసుకునేవి తీసివేస్తే చాలు. బ్లాక్ కరెంట్‌తో పోలిక ఇక్కడ ఆసక్తికరం. అది ప్రధానంగా క్రిందటి సంవత్సరపు కొమ్మ మీద కాస్తుంది. అందువల్ల అక్కడ ఏటా మూడో వంతు ముదురు కొమ్మలను మొదలంటా తీసివేస్తారు. బ్రిటన్‌లో ఉన్న మన వారెవరైనా అక్కడ ఈ పొద పెంచుతూ సలహా అడిగితే, చెప్పవలసినది ఇదే.

ఎదిగిన పొదకు ఏటా పది కిలోల పశువుల ఎరువు సరిపోతుంది. మొదటి రెండు వేసవులు వారానికొకసారి నీరు పెట్టి, పాదులో వరిగడ్డి పరిస్తే ఉప్పు పైకి పొంగడం తగ్గుతుంది. మూడవ ఏట కాపు మొదలవుతుంది. పొదకు మూడు నుంచి ఐదు కిలోలు ఆశించవచ్చు. ఆకు తినే గొంగళి పురుగులు, పిండినల్లి కనిపించవచ్చు గాని, ఇంటి పొదకు వేపనూనె పిచికారీని మించి అవసరం రావడం అరుదు.

ఆషాఢ, శ్రావణ మాసాలలో పచ్చి వాక్కాయలు సంతకు వస్తాయి. చింతపండుకు బదులుగా పప్పులో, పులిహోరలో, కొబ్బరితో కలిపి పచ్చడిలో, రొయ్యల కూరలో వాడతారు. కోసేటప్పుడు కారే పాలు కత్తికీ చేతికీ అంటుకుంటాయి. నూనె రాసుకుంటే వదులుతాయి. కాయలో పెక్టిన్ పుష్కలం కాబట్టి, సగం పండిన కాయలతో జెల్లీ చక్కగా గడ్డకడుతుంది. పూర్తిగా నల్లబడిన పండ్ల రసాన్ని పంచదార పాకంతో కలిపి నిలవ చేస్తే, రంగులో బ్లాక్ కరెంట్ పానకం పక్కన పెట్టదగినది సిద్ధమవుతుంది. స్వయం సహాయక బృందాలకు శిక్షణ ఇచ్చే ఘంటసాల కృషి విజ్ఞాన కేంద్రం వంటి సంస్థలకు ఇది అనువైన అంశం.

అయితే ముడి సరుకు ఎక్కడిది? పెరటి చుట్టూ ఉండే ముళ్ళ కంచెలు పోయి ప్రహరీ గోడలు వస్తున్నాయి. మంచి కాయ కాసే పాత పొద ఒక్కసారి పెకలిస్తే, దాని గుణం మళ్ళీ గింజ నుంచి రాదు. గోడ కట్టాలనుకునేవారికి వద్దని చెప్పడం మన పని కాదు. గోడ పునాది తీసే ముందు వానకాలం ఒకటి ఆగి, ఆ పొద నుంచి నాలుగు అంట్లు కట్టుకొమ్మని చెప్పవచ్చు. ఆ నాలుగింటిలో ఒకటి మండల రైతు శిక్షణ క్షేత్రానికి ఇప్పించుకుంటే మరింత మంచిది. అంటు వేళ్ళు పట్టడానికి సుమారు రెండు నుంచి మూడు నెలలు పడుతుంది. జూలైలో కడితే, దసరా దాటేసరికి వేరు చేసి సంచీలోకి మార్చుకోవచ్చు.