సిద్దిపేట నేలలో ఒక పగులు

సిద్దిపేట పరిసరాలలో బోరు వేయించిన రైతుకు భూవిజ్ఞానం కొంత తెలిసే ఉంటుంది. గట్టి రాతిలో నీరుండదు. బోరు ఏదో ఒక పగులును తాకితేనే నీరు పడుతుంది. సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి ఈ గ్రానైటులో పగుళ్ళకు కొదవ లేదు. అయితే పగుళ్ళన్నీ ఒకటి కావు. పగులుకు ఇరువైపుల రాయి ఒకదానిని ఒరుసుకొని మరొకటి జరిగి ఉంటే దానిని భ్రంశం అంటారు. ఆ జరగడం హఠాత్తుగా సంభవిస్తే అదే భూకంపం.

ఈ జిల్లాలోని మల్లన్నసాగర్ జలాశయం 2022 ఫిబ్రవరిలో ప్రారంభమైంది. ఆ స్థలంలో లోతైన నిట్టనిలువు పగులు ఉన్నదని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ ప్రాథమిక పరిశీలనలో తేలిందనీ, సమగ్ర అధ్యయనం పూర్తికాకుండానే పని సాగిందనీ 2024లో శాసనసభకు అందిన కాగ్ నివేదిక తప్పుపట్టింది. జలాశయ సామర్థ్యం 50 టీఎంసీలు. నిండితే ఆ నీటి బరువు 141 కోట్ల టన్నులు!

బరువుకంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది. నీరు పగుళ్ళలోకి ఇంకి, నూనెలా రాళ్ళను జారేటట్లు చేస్తుందని కొందరనుకుంటారు. అది సరికాదు. నిండు బియ్యపు బస్తాను ఈడ్చడం కష్టం. ఒకరు కొంచెం పైకెత్తి పట్టితే సులభం. పగులులోని నీటి పీడనం చేసే పని అదే. రెండు రాళ్ళను అదిమిపట్టే బలాన్ని అది తగ్గిస్తుంది. అయితే బస్తాను ఈడ్చేవాడు కూడ ఉండాలి గదా! రాతిలో ఏనాటినుంచో పేరుకొన్న ఒత్తిడియే ఆ ఈడ్చేవాడు. నీరు దానిని సృష్టించదు.

మహారాష్ట్రలోని కొయనా జలాశయంలో 1962 నుంచి నీరు నింపగా చిన్న అదురులు మొదలై, 1967 డిసెంబరు 11న 6.3 పరిమాణం గల భూకంపం వచ్చింది. దానికంటె ఎంతో పెద్దదైన నాగార్జునసాగరం క్రింద అటువంటిది రాలేదు. కనుక జలాశయం కనబడిన చోటల్లా భయపడవలసిన పని లేదు.

మన ప్రాంతపు పెద్ద అదురులు గోదావరి లోయ భ్రంశాలవి: 1969 ఏప్రిల్ 13న భద్రాచలం వద్ద 5.7, 2024 డిసెంబరు 4న ములుగు వద్ద 5.3. కాని 1983 జూన్ 30న హైదరాబాదుకు ఉత్తరాన మేడ్చల్ వద్ద కంపించినది ఈ గ్రానైటు నేలయే. దాని పరిమాణం 5కు కొంచెం తక్కువ.

మల్లన్నసాగర్ విషయం ఊహించి తేల్చేది కాదు, కొలిచి తేల్చవలసినది. మనిషికి తెలియని అదురులను కూడ భూకంపలేఖిని పట్టుకొంటుంది. జలాశయం చుట్టూ అట్టివి కొన్ని నెలకొల్పి, నీటిమట్టాన్నీ అదురుల సంఖ్యనూ ఒకే పటంపై గీయాలి. కొయనాలో వానాకాలపు నీరు చేరిన తరువాత ఆ రెండవ గీత కూడ పైకి లేస్తుంది. ఇక్కడ అది లేస్తుందో లేదో కొన్ని ఏండ్ల లెక్కలు చూస్తే తెలుస్తుంది.