గృహాలంకరణలో మాస్కింగ్ టేపు

ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. రంజాను అయినా, సంక్రాంతి అయినా పండుగకు ముందే గోడలకు వెల్లవేసి, ద్వారబంధాలకు రంగులు పూయడం మన ఇండ్లలో అనాదిగా వస్తున్న ఆచారం. అయితే రంగు ఎంత మేలైనదైనా అంచు వంకరపోయినచో గోడకు శోభ చేకూరదు. పనివారికి కూలి చెల్లించలేని సామాన్య కుటుంబం తన ఇంటిని తానే తీర్చిదిద్దుకొనదలచినప్పుడు ప్రధానంగా ఎదురయ్యే చిక్కు ఇదే. దీనిని తొలగించే స్వల్ప సాధనమే మాస్కింగ్ టేపు. దుకాణాలలో దీనిని పేపర్ టేపు అని కూడా అంటారు.

దీని పుట్టుక ఆసక్తికరమైనది. 1920 దశకంలో అమెరికాలో రెండు రంగుల మోటారు కార్లపై మోజు పెరిగింది. ఒక రంగుపై మరొకటి పడకుండా పనివారు కాగితాలను జిగురుతో అంటించేవారు. వాటిని ఊడదీసినప్పుడు అడుగునున్న రంగు కూడా లేచివచ్చేది. సెయింట్ పాల్ నగరంలో ఉప్పుకాగితం తయారుచేసే కంపెనీలో (నేటి త్రీఎం) ఉద్యోగియైన రిచర్డ్ డ్రూ ఈ అవస్థను స్వయంగా చూచి, పలు ప్రయోగాల అనంతరం 1925లో ఈ టేపును రూపొందించాడు. గట్టిగా అంటే జిగురు అంతకుముందే ఉన్నది. పని ముగిసిన పిదప హాని చేయక విడివడే జిగురును సమకూర్చడమే ఆయన సాధించిన విజయం. కాగితానికి ముడతలుండడం వలన అది సాగి వంపులలోను ఒదుగుతుంది.

గోడ అడుగున ముదురు రంగు పట్టె వేయదలచితిమనుకొందాం. మొదట గోడను శుభ్రంగా తుడిచి, ఒక మూల చిన్న ముక్కను అంటించి లాగి చూడాలి. తెల్లని పొడి అంటుకొని వచ్చినచో ఆ సున్నపు గోడ టేపుకు తగదు. దానిని గీకి, ప్రైమరు పూసి, తిరిగి రంగు వేయవలసి ఉంటుంది. క్రొత్తగా రంగు వేసిన గోడను కనీసం ఒక దినమైనా ఆరనివ్వాలి.

తాపీ మేస్త్రీల వలె నీటి గొట్టంతో మట్టం చూచి, పెన్సిలుతో గీత గీచి, దాని పైఅంచున టేపు అంటించి గోటితో గట్టిగా అదమాలి. అటు పిమ్మట టేపు అంచున గోడ రంగునే ఒకసారి పలుచగా పూయాలి. సందులలోనికి పాకేది పాత రంగే కనుక తరువాత వేసే ముదురు రంగుకు దారి మూసుకుపోతుంది. ముదురు రంగును కూడా పలుచగా, టేపు మీదినుండి పట్టె వైపునకు కుంచె లాగుతూ వేయాలి.

రంగు పూర్తిగా ఆరకముందే టేపును వెనుకకు మడిచి, ఏటవాలుగా, నెమ్మదిగా లాగాలి. ఆరిపోయినచో బ్లేడుతో అంచును కోసి తీయడం క్షేమం. ఎండ తగిలే కిటికీలపై దినాల తరబడి ఉంచినచో జిగురు గట్టిపడి మరకగా మిగులుతుంది.

విద్యార్థులు సెలవులలో ఒక అట్టముక్కపై సాధన చేసి, పిదప తమ గదికే పూనుకొనవచ్చును. తన ఇంటి గోడకు తానే రంగు వేసినవాడు దానిపై మేకు కొట్టబోయే ముందు ఒకసారి ఆలోచిస్తాడు. స్వయంకృషి వలన కలిగే మేలు అదే.