ముందు తిన్నావా చెప్పు!

దూరం పరిగెత్తేవాళ్ల ఎముక విరగాలంటే కిందపడక్కర్లేదు. అమెరికా రన్నర్ మేరీ కేన్‌కి ఐదు ఎముకలు విరిగాయి. 2013లో మాస్కో ప్రపంచ అథ్లెటిక్స్‌లో 1500 మీటర్ల ఫైనల్ దాకా వెళ్లినప్పుడు ఆమెకు 17 ఏళ్లు. పేరున్న కోచ్ ఆల్బెర్టో సలజార్ నడిపే నైకీ ఒరెగాన్ ప్రాజెక్టులో శిక్షణ. ఆ శిక్షణ ఎలా ఉండేదో 2019 నవంబరులో న్యూయార్క్ టైమ్స్ వీడియోలో ఆమే చెప్పింది. 114 పౌండ్లకు, అంటే సుమారు 52 కిలోలకు తగ్గాలన్నారని, తోటివాళ్ల ముందే తూకం వేసేవారని, మూడేళ్లు నెలసరి రాలేదని. సలజార్ ఆ ఆరోపణల్ని ఒప్పుకోలేదు. ఒరెగాన్ ప్రాజెక్టు అప్పటికే, అంతకు ముందు నెలలోనే మూతపడింది.

తిండికీ ఎముకకీ లంకె ఏమిటి? పరిగెత్తిన ప్రతిసారీ ఎముకలో కంటికి కనపడని పగుళ్లు పడుతుంటాయి. ఒళ్లు ముందు ఆ దెబ్బతిన్న చోటుని తొలిచేసి, తర్వాత కొత్త ఎముక పోస్తుంది. తొలవడం వారాల్లో అయిపోతుంది, నింపడానికి నెలలు పడుతుంది. ఈలోగా తిన్నదంతా పరుగుకే ఖర్చయిపోతే ఒళ్లు పొదుపు మొదలెడుతుంది. ఆడపిల్లల్లో ముందు కోత పడేది నెలసరికే. ఈస్ట్రోజన్ తగ్గుతుంది, ఎముక నింపే పని కుంటుపడుతుంది, ఓ రోజు పాదంలోనో పిక్క ఎముకలోనో సన్నటి పగులు తేలుతుంది. ఆటల్లో ఒంటికి పడే ఈ శక్తి లోటుకి అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో రెడ్-ఎస్ అని పేరు పెట్టింది. మగవాళ్లూ దీనికి మినహాయింపు కాదు. బరువు తగ్గిన కొత్తలో చాలామందికి టైమింగ్ మెరుగవుతుంది కూడా. అసలు మోసం అక్కడే ఉంది. కోచ్ సంతోషిస్తాడు, పిల్ల ఇంకో ముద్ద తగ్గిస్తుంది.

లారెన్ ఫ్లెష్‌మన్ ఈ ఉచ్చులో పడి లేచిన మనిషి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో కాలేజీ ఛాంపియన్, ఆపైన రెండుసార్లు 5000 మీటర్ల అమెరికా విజేత. 2004 ఒలింపిక్ ట్రయల్స్ ముందు పోటీదారుల్లా సన్నబడాలని తిండి మార్చుకుంది. నెలసరి ఆగింది, పాదం ఎముక విరిగింది. ఒలింపిక్స్ ఆమెకు ఎప్పటికీ అందలేదు. తర్వాత ఒరెగాన్‌లోని బెండ్ ఊళ్లో లిటిల్ వింగ్ పేరుతో మహిళా రన్నర్లకు కోచ్ అయింది. చిన్నప్పటి తనకే ఉత్తరం రాసుకుంది. ఎదిగే వయసులో ఒళ్లు మారుతుంది, వేగం కొన్నాళ్లు ఆగుతుంది, దాంతో పోట్లాడకు అన్నది అందులోని సారాంశం. 2023లో వచ్చిన ‘గుడ్ ఫర్ ఎ గర్ల్’ పుస్తకంలో నిలదీసిందీ ఇదే: మగపిల్లల ఎదుగుదలను కొలతగా పెట్టుకున్న శిక్షణ ఆడపిల్లలకి ఎలా సరిపోతుంది?

మేరీ కేన్ కూడా 2021లో అటలాంటా న్యూయార్క్ అనే లాభాపేక్ష లేని సంస్థ పెట్టింది. మహిళా రన్నర్లకు ఉద్యోగమిచ్చి, నగరంలోని అమ్మాయిలకు మార్గదర్శకులుగా నిలబెట్టడం ఆ సంస్థ పెట్టుకున్న పని. పతకాల పట్టికలో ఎక్కడా కనపడని పని ఇది. నాకైతే ఆమె రికార్డుల కన్నా ఇదే పెద్దదనిపిస్తుంది.

మనకి పి.టి. ఉష ఉంది. 1984 లాస్ ఏంజిలిస్‌లో 400 మీటర్ల హర్డిల్స్‌లో సెకనులో నూరో వంతు తేడాతో పతకం పోయింది. అక్కడ సరైన తిండి లేక గంజీ ఊరగాయతో నెట్టుకొచ్చామని, చివరి 35 మీటర్లలో సత్తువ చాలలేదని తర్వాత చెప్పుకుంది. 1988 సియోల్‌లో మడమ నొప్పి ఆమెను తొలి రౌండ్‌లోనే ఆపేసింది. 2002లో కేరళలో ఉష స్కూల్ ఆఫ్ అథ్లెటిక్స్ మొదలెట్టి, పిల్లల్ని అక్కడే ఉంచి, తిండీ చదువూ చూసుకుంటూ పరిగెత్తించింది. ఆమె శిష్యురాలు టింటూ లూకా 2010లో 800 మీటర్లను 1:59.17లో ముగించి జాతీయ రికార్డు నెలకొల్పింది, 2015 వుహాన్ ఆసియా ఛాంపియన్‌షిప్‌లో స్వర్ణం గెలిచింది.

దెబ్బ తిన్న ప్రతివాళ్లూ మంచి కోచ్ కారు. ‘మేం నొప్పితోనే పరిగెత్తాం, మీకేం?’ అనేవాళ్లు ఏ గ్రౌండుకి వెళ్లినా కనిపిస్తారు. ఉషకీ ఫ్లెష్‌మన్‌కీ వాళ్లకీ తేడా ఏమిటంటే, తమకి జరిగింది ఘనకార్యం కాదు, పొరపాటు అని వీళ్లు ఒప్పుకున్నారు.

హకీంపేట క్రీడా పాఠశాలలో పరిగెత్తే పిల్ల అయినా, జిల్లా పోటీలకు తయారయ్యే పదో తరగతి అమ్మాయి అయినా, నెలసరి ఆగిన సంగతి మగ కోచ్‌తో చెప్పుకోలేకపోతుంది. ఇంట్లో అమ్మ ‘ప్రాక్టీసు ఎక్కువైంది, అందుకే రాలేదులే’ అని సరిపెట్టుకుంటుంది. మూడు నెలలు వరసగా నెలసరి రాకపోతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఆ మాట కోచ్ చెవినా వేయాలి, ఆ వారం పరుగు తగ్గించాల్సింది ఆయనే కాబట్టి.