బొమ్మ గీసి లెక్క చేయుట

సంగారెడ్డి జిల్లాలో పటాన్‌చెరువునకు సమీపమున వెలిమెల యను గ్రామము కలదు. పూర్వము ఆ చుట్టుపట్ల సేద్యమే జనులకు ప్రధానమైన జీవనాధారము. గత శతాబ్దపు ఉత్తరార్ధమున పటాన్‌చెరువు, రామచంద్రాపురము ప్రాంతములలో కర్మాగారములు వెలసెను. హైదరాబాదు నగరము క్రమముగా ఆ దిక్కునకు విస్తరించెను. దానితో భూమి వెలయు పెరిగెను. తెలంగాణలో భూమిని ఎకరములతోను గుంటలతోను లెక్కింతురు. 40 గుంటలు ఒక ఎకరము. ఒక గుంటకు 121 చదరపు గజములు. ఇట్టి చోట లెక్కలో ఒక్క గుంట తప్పినను అది చిన్న తప్పు కాదు.

ఆ గ్రామమున ఇద్దరు అన్నదమ్ములు 1 ఎకరము 4 గుంటల పొలమును పంచుకొనుచున్నారని అనుకొనుడు. వృద్ధులైన తల్లిదండ్రులను అన్న పోషించుచున్నాడు. కావున అతనికి తమ్మునికంటె 8 గుంటలు ఎక్కువ ఉండవలెనని పెద్దలు నిర్ణయించిరి. ఎవరికి ఎంత వచ్చును?

ఎనిమిదవ తరగతి విద్యార్థులకు కూడిక, తీసివేత, భాగహారము తెలియనివి కావు. అయినను ఇట్టి లెక్క ఎదురైనపుడు పలువురు తొందరపడుదురు. మొత్తము 44 గుంటలు. అందులో సగము 22. అన్నకు 8 ఎక్కువ గనుక 30, తమ్మునికి 8 తక్కువ గనుక 14 అని వ్రాయుదురు. 30, 14 కలిపిన 44 వచ్చును గనుక లెక్క సరిపోయినదని సంతోషింతురు. కాని 30కిని 14కును గల భేదము 8 కాదు, 16. ఈ తప్పువలన తమ్మునికి రావలసిన 4 గుంటలు, అనగా 484 చదరపు గజములు, కాగితము మీదనే మాయమైనవి!

ఈ లెక్కనే బొమ్మగా గీసి చూడవలెను. అన్న భాగమునకు గుర్తుగా ఒక పొడవైన పట్టీని, దాని క్రింద తమ్ముని భాగమునకు గుర్తుగా ఒక పొట్టి పట్టీని గీయవలెను. రెండు పట్టీలును ఎడమవైపున ఒకే చోట మొదలు కావలెను. కుడివైపున అన్న పట్టీ కొంత ముందుకు చొచ్చియుండును. ఆ ముక్కపై 8 అనియు, రెండు పట్టీలకును కలిపి ప్రక్కన 44 అనియు వ్రాయవలెను. ఇపుడు ముందుకు చొచ్చిన ముక్కను వ్రేలితో మూసినచో, మిగిలిన రెండు పట్టీలు సమానముగా కనబడును. వాని మొత్తము 44 నుండి 8 తీసివేయగా 36. అందులో సగము 18 గుంటలు తమ్మునికి. 18కి 8 కలుపగా 26 గుంటలు అన్నకు. ఏమి చేయవలెనో ఎవరును చెప్పలేదు, బొమ్మయే చెప్పినది.

ఇందులో మాయ ఏమియు లేదు. మాటలు ఒకదాని వెంట ఒకటి వచ్చును. చివరి మాట చదువునప్పటికి మొదటిది మరపునకు వచ్చును. బొమ్మలో అన్ని సంగతులును ఒక్కసారి కంటి ఎదుట నిలుచును. మరియు "ఎక్కువ" అను మాట కనబడగానే కూడవలెననియు, "తక్కువ" అను మాట కనబడగానే తీసివేయవలెననియు కొందరు బాలురు అలవాటు పడుదురు. పై లెక్కలో "ఎక్కువ" అను మాటయే ఉన్నది. కాని మొదట చేయవలసినది తీసివేత. మాటను నమ్మినవాడు మోసపోవును. సంబంధమును చూచినవాడు నిలుచును.

మాటలలోని లెక్కలు తెలుగువారికి క్రొత్తవి కావు. 9వ శతాబ్దమున రాష్ట్రకూటరాజగు అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడు సంస్కృతమున "గణితసారసంగ్రహము" రచించెను. దానిని పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. 1150వ సంవత్సరమున భాస్కరాచార్యుడు రచించిన "లీలావతి"లో ఒక వెదురు లెక్క కలదు. 32 మూరల వెదురు గాలికి విరిగినది. దాని కొన మొదటికి 16 మూరల దూరమున నేలను తాకినది. ఎంత ఎత్తున విరిగినది? బొమ్మ గీయగానే అది లంబకోణ త్రిభుజమని తెలియును. నిలిచిన భాగము 12, నేలపై దూరము 16, వాలిన భాగము 20 మూరలు. 12, 20 కలిపిన 32 అగుటయు, 12, 16 సంఖ్యల వర్గముల మొత్తము 20 వర్గమునకు సమానమగుటయు సరిచూచుకొనవచ్చును.

హంగరీ దేశమున జన్మించిన గణితవేత్త జార్జి పోల్యా 1945లో ప్రకటించిన తన గ్రంథమున, సమస్యను అర్థము చేసికొనుటకు బొమ్మ గీయుమని బోధించెను. 1980 తరువాతి సంవత్సరములలో సింగపూరు ప్రాథమిక పాఠశాలలలో పైన చెప్పిన పట్టీల పద్ధతి ప్రవేశపెట్టబడెను.

అయితే బొమ్మ అనగా అలంకారము కాదు. పొలము లెక్కకు ఎద్దులను, గట్టున చెట్లను, అన్నగారి తలపాగాను గీసిన బాలుడు చక్కని చిత్రకారుడు కావచ్చును. లెక్కకు మాత్రము వాని వలన ప్రయోజనము లేదు. మేరీ హెగార్టీ, మరియా కొఝెవ్నికోవ్ అను పరిశోధకులు 1999లో ప్రకటించిన పరిశీలనయందు ఈ సంగతియే తేలినది. వస్తువుల రూపములను ఊహించిన బాలురకంటె, వాని మధ్యనున్న సంబంధములను గీసిన బాలురే లెక్కలను బాగుగా చేసిరి.

మరియొక ఉదాహరణము. ఒక కర్మాగారపు కార్మికుడు తన నెలజీతములో మూడవవంతు ఇంటి అద్దెకును, మిగిలినదానిలో సగము ఆహారమునకును వెచ్చించెను. ఇంకను 6,000 రూపాయలు మిగిలెను. జీతమెంత? ఒక పట్టీని గీసి మూడు సమభాగములు చేయవలెను. ఒకటి అద్దె. మిగిలిన రెండింటిలో సగము, అనగా ఒకటి, ఆహారము. చివరి భాగమే 6,000. కావున జీతము 18,000 రూపాయలు. బీజగణితము నేర్చినవారు దీనినే సమీకరణముగా వ్రాయుదురు. ఆ సమీకరణములోని "య"కు ఈ పట్టీయే తొలి రూపము.

బోధించువారు తొందరపడరాదు. మొదట బాలుడు లెక్కను తన మాటలలో చెప్పవలెను. పిదప బొమ్మ గీయవలెను. తెలిసినదానిని అంకెతోను, తెలియనిదానిని ప్రశ్నార్థకముతోను గుర్తింపవలెను. ఆ తరువాతనే లెక్కింపవలెను. తుదకు వచ్చిన జవాబును మరల బొమ్మలో నిలిపి చూడవలెను. ఆనాడు 30, 14 అని వ్రాసిన బాలుడు ఇట్లు చూచియున్నచో, ముందుకు చొచ్చిన ముక్క 8 కాక 16 అయినదని తానే గ్రహించి దిద్దుకొనును.

బొమ్మ గీయుట చిన్నపిల్లల చేష్ట యని సిగ్గుపడనక్కరలేదు. ఇల్లు కట్టువాడును గీతతోనే మొదలుపెట్టును. పొలము కొలుచువాడును గీతతోనే ముగించును. లెక్క చేయువానికిని ఆ గీతయే దారి చూపును. నేలమీద పుల్లతో గీసినను చాలును. తమ్ముని నాలుగు గుంటలు తమ్మునికే దక్కును.