నడుమ గడచిన ఏండ్లు

అమెరికా చదువనగానే మన యిండ్లలో తలపునకు వచ్చునది బి.టెక్. పట్టా చేతబట్టిన ఇరువది రెండేండ్ల యువకుడును, విమానాశ్రయమున అతనికి వీడ్కోలు పలుకవచ్చిన బంధుసమూహమును. ఇంటర్మీడియట్‌తో చదువు నిలిచి, పెండ్లి, బిడ్డల పెంపకము, అత్తమామల సేవల నడుమ పదునేనేండ్లు గడపి మరల పుస్తకము తెరచిన గృహిణియు, జి.ఎన్.ఎమ్. డిప్లొమాతో గల్ఫు దేశపు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేసి ఇంటి అప్పులు తీర్చిన నర్సును, ఐ.టి.ఐ. ముగించి కర్మాగారమున చేరి, 1982లో హైదరాబాదున వెలసి నేడు అంబేడ్కరు పేర వర్ధిల్లుచున్న సార్వత్రిక విశ్వవిద్యాలయమున పట్టా సంపాదించిన కార్మికుడును ఆ చిత్రమునకు వెలుపలనే నిలిచియున్నారు. వీరును అక్కడ చదువగోరవచ్చుననియు, వీరివంటి వారికొరకే అక్కడ కొన్ని ద్వారములు తెరువబడియున్నవనియు చెప్పువారు మనలో అరుదు.

ఆ ద్వారములను తొలుత తెరచినది రెండవ ప్రపంచయుద్ధము. 1944 జూన్‌లో రూజ్వెల్టు అధ్యక్షుడు సంతకము చేసిన, మాజీ సైనికుల చదువునకు ధనమిచ్చు జి.ఐ. బిల్లు పుణ్యమా యని రణరంగమునుండి మరలివచ్చిన సైనికులు లక్షలుగా కళాశాలలలో చేరిరి. 1947 నాటికి అక్కడి ప్రవేశములలో ఇంచుమించు సగము వారివే. మృత్యువును ముఖాముఖి చూచివచ్చి, భార్యాబిడ్డల భారము వహించుచున్న మనుష్యుని పదునెనిమిదేండ్ల బాలునకై ఏర్పడిన చట్రమున ఇముడ్చుట తగదని గ్రహించిన కొలంబియా విశ్వవిద్యాలయము ఆ యేటనే స్కూల్ ఆఫ్ జనరల్ స్టడీస్‌ను నెలకొల్పెను. చదువులో ఏడాది గాని అంతకు మించి గాని విరామము గలవారు నేటికిని అందు ప్రవేశించి, తక్కిన విద్యార్థులతో ఒకే తరగతిలో కూర్చుండి, అదే అధ్యాపకుల యెదుట పాఠము వినుచున్నారు. స్త్రీలకై స్మిత్ కళాశాల 1975లో ఆడా కాంస్టాక్ పేరను, మౌంట్ హోలియోక్ 1980లో, తన పూర్వవిద్యార్థినియు అమెరికా మంత్రివర్గమున తొలి మహిళయు అయిన ఫ్రాన్సెస్ పెర్కిన్స్ పేరను ఇట్టి ఏర్పాట్లు చేసినవి. యేల్‌లోను బ్రౌన్‌లోను కూడ ఇట్టివి కలవు. మొదటిదానికి చదువున ఐదేండ్ల విరామమును, రెండవదానికి పాఠశాల వీడి ఆరేండ్లు గడచుటయు ఉండవలెను. విరామము ఇచట మన్నింపబడుట గాదు, అర్హతగా అడుగబడుచున్నది.

ఈ సత్యము తెలియకపోవుట వలననే మనవారు ఆ యేండ్లను దాచజూచుచున్నారు. గ్యాప్ కనబడరాదని చెప్పి, పనిచేయని కంపెనీలో పనిచేసినట్లు అనుభవ పత్రములు సృష్టించి యిచ్చు కన్సల్టెన్సీలు మన నగరములలో కలవు. ఎవరి జీవితమునకును చెందని ఎస్.ఓ.పి. అను ఉద్దేశవ్యాసమును పేరు మార్చి పదిమందికి అమ్మువారును కలరు. వీసాకై అసత్యము చెప్పినట్లు తేలినవానికి అమెరికా చట్టము ఆ దేశప్రవేశమునే శాశ్వతముగా నిషేధింపగలదు. అంతకు మించిన నష్టము వేరొకటి కలదు. రోగి ప్రాణము పోవుచుండగా వైద్యుడు వచ్చువరకు నిలబెట్టిన నర్సు, ఆ రాత్రి తనకు తెలియక మిగిలిన శరీరధర్మ మేమో, దానిని తెలిసికొనుటకు ఏ పాఠము కావలెనో రెండు పుటలలో వ్రాసినచో, అట్టి వ్యాసము ఇరువదేండ్ల వాని కలమునుండి ఎన్నటికిని రాదు. తన సంపదను తానే పాతిపెట్టి, అరువు తెచ్చుకొన్న మాటలతో పరాయి గుమ్మము తట్టుట యెంత దైన్యము! సిఫారసు లేఖల విషయమును ఇట్టిదే: ఏనాడో పాఠము చెప్పి నేడు పేరైనను గుర్తులేని అధ్యాపకునికంటె, పనిని కన్నులార చూచిన పై అధికారి లేఖ వన్నె గలది, ఇట్టి ప్రవేశములలో దానిని సాధారణముగా అంగీకరింతురు.

అయినను విదేశీయునకు గుమ్మమొకటే గాని గడప ఎత్తు వేరు. పనిచేసికొనుచు చదువు అమెరికనునకు సాయంకాలపు తరగతి, సగము భారము, ఇంటినుండి ఆన్‌లైన్ పాఠము అను సౌకర్యములున్నవి. ఎఫ్-1 అను విద్యార్థి వీసాపై వచ్చినవానికి అవి చాలవరకు మూతపడును. డిగ్రీ విద్యార్థి సెమిస్టరునకు 12 క్రెడిట్లు తక్కువ కాకుండ చదువవలెను. అందు ఆన్‌లైన్ పాఠ మొక్కటి మాత్రమే లెక్కకు వచ్చును. తరగతులు జరుగు కాలమున ప్రాంగణములో పని వారమునకు 20 గంటలు మించరాదు; వెలుపలి పని మొదటి విద్యాసంవత్సరమున లేనేలేదు. ఎఫ్-2పై వెంటవచ్చిన భర్తకు గాని భార్యకు గాని ఉద్యోగము నిషిద్ధము. బిడ్డలు మాత్రము బడికి పోవచ్చును. వీసాకై విద్యాలయ మిచ్చు ఐ-20 పత్రము చేతికి వచ్చుటకు ముందే ఆ యేటి వ్యయమునకు చాలు ధనము చూపవలెను. కావున నలుబదేండ్ల వయసున బయలుదేరువారు విద్యాలయపు కీర్తికంటె ముందుగా, విదేశీయునకు ఆర్థికసహాయ మిచ్చునో లేదో వ్రాతమూలకముగా అడిగి తెలిసికొనవలెనని నా దృఢమైన అభిప్రాయము.

మనలో ఈ మార్గమున మునుపే నడచినవా డొకడు కలడు. 1895లో భీమవరమున జన్మించిన శాస్త్రజ్ఞుడు యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషను మూడవ ప్రయత్నమున గాని గట్టెక్కలేదు. ఖాదీ ధరించినందులకు ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, మద్రాసు వైద్యకళాశాలలో ఎం.బి.బి.ఎస్. బదులు తక్కువదైన ఎల్.ఎం.ఎస్.తో తృప్తిపడవలసివచ్చెను. ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రము బోధించి, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ అండతోను మామగారి ధనసాహాయ్యముతోను, ముప్పదికి చేరువైన ప్రాయమున, భార్యను స్వదేశమున విడిచి బోస్టను చేరెను. అచట ఆసుపత్రిలో రాత్రివేళ పరిచారకుడుగా కష్టించుచు హార్వర్డులో చదివెను, భాస్వరమును కొలుచుటకు అచటి అధ్యాపకుడు ఫిస్కుతో కూడి ఆయన రూపొందించిన పద్ధతి 1925లో వెలువడెను, పిహెచ్.డి. 1930లో గాని చేతికి రాలేదు. ఆ జీవితమున ఏ యేటిని దాచవలెనో, ఏ యేటిని చూపవలెనో ఎవరు నిర్ణయింపగలరు?

నేడు హైదరాబాదు నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేటు కిటికీ యెదుట నిలిచినవానిని చట్టము తొలుత వలసపోవుచున్నవాడుగానే భావించును; కాడని నిరూపించు భారము అతనిదే. ఈ వయసున చదువెందులకని అధికారి అడుగును. ఏ పాఠమునకు పోవుచున్నది, ఎవరి ధనముతో, తిరిగివచ్చి ఏ ఆసుపత్రిలో, ఏ బడిలో, ఏ కార్ఖానాలో ఏమి చేయదలచినది, ఈ మూడును నాలుగైదు వాక్యములలో నిజముగా చెప్పగలిగినవానికి వయసు అడ్డు గాదు, సాక్ష్యము.

అయితే అంతవరకు పోనిచ్చుట మన చేతిలోను కొంత కలదు. పదునేనేండ్ల క్రిందటి మార్కుల మెమోకు నకలు, సీలు వేసిన కవరులో ట్రాన్స్‌క్రిప్టు, ఈ రెండింటికై దరఖాస్తుదారుడు పరీక్షల విభాగపు కిటికీల చుట్టు తిరిగి, పాత రిజిస్టరు దొరకలేదని, సంతకము చేయువాడు సెలవులో ఉన్నాడని వినుచుండగా, సముద్రమునకు ఆవల గడువు ముగిసిపోవుచున్నది. మన విశ్వవిద్యాలయములు పాత రిజిస్టర్లనన్నింటిని కంప్యూటరు కెక్కించి, అడిగిన పదునైదు దినములలో పత్రము పంపు నియమము విధించుకొనవలెను. అది జరుగువరకు, ప్రయాణము తలపెట్టినవారు వ్యాసరచనకు గాక, తాము చదివిన కళాశాల కార్యాలయమునకు ముందుగా పోవలెను.